చిన్న యంత్రం, ఎవరి మీద బరువు?

తెలంగాణలో భూమి లెక్క తెలిసినవారికి కింది మాటల్లో వింతేమీ కనిపించదు.

3 ఎకరాలు 12 గుంటలు చూపు

ఈ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటర్ చేత నడిపించవచ్చు. ఫోర్త్ అనే భాషలో ముందుగా మూడు మాటలకు అర్థం చెప్పిపెట్టుకుంటే చాలు.

: ఎకరాలు 40 * ;
: గుంటలు + ;
: చూపు . ;

కోలన్‌తో నిర్వచనం మొదలవుతుంది, సెమికోలన్‌తో ముగుస్తుంది. మధ్యలో ఖాళీ లేని ఏ అక్షరాల గుంపునైనా ఫోర్త్ పేరుగా ఒప్పుకుంటుంది కాబట్టి, తెలుగు పేర్ల కోసం ప్రత్యేకంగా ఏర్పాట్లేవీ చేయనక్కర్లేదు. యూనికోడ్ తెలిసిన జీఫోర్త్ వంటి వ్యవస్థ ఉంటే సరిపోతుంది. ఇక నడక చూద్దాం. 3 కనబడగానే ఫోర్త్ దాన్ని తన దొంతరలో, అంటే స్టాక్‌లో పెట్టుకుంటుంది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి ‘ఎకరాలు’ రాగానే 40 తెచ్చి గుణిస్తుంది, దొంతరలో 120 మిగులుతుంది. 12 దాని పైన చేరుతుంది. ‘గుంటలు’ పై రెండింటినీ తీసి కూడి 132ను తిరిగి పెడుతుంది. ‘చూపు’ దాన్ని తెర మీదికి తెస్తుంది. వాక్యంలో వ్యాకరణం అంటూ ఏమీ లేదు. ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క మాటే చదవడం, దాని పని చేయడం, అంతే.

ఈ చిన్న సదుపాయం ఎందుకు పనికొస్తుందో పట్టాదారు పాసు పుస్తకం చేతిలో ఉన్నవారికి వెంటనే తెలుస్తుంది. విస్తీర్ణాన్ని 3-12 అనో 3.12 అనో రాయడం అలవాటు. అన్నదమ్ముల వాటాలు కలిపేటప్పుడు 3.12కు 1.30 కలపాలంటే మామూలు క్యాలిక్యులేటర్ 4.42 అంటుంది. అసలు లెక్క 5 ఎకరాల 2 గుంటలు. చుక్క తర్వాత ఉన్నది దశాంశం కాదని క్యాలిక్యులేటర్‌కు చెప్పే దారి లేదు. ఫోర్త్‌లో ‘కలుపు’ అనే మాటను కూడికగా చెప్పుకుని, 3 ఎకరాలు 12 గుంటలు 1 ఎకరాలు 30 గుంటలు కలుపు చూపు అంటే 202 వస్తుంది. అంటే 5 ఎకరాలు, పైన 2 గుంటలు. గమనిస్తే ‘గుంటలు’, ‘కలుపు’ రెండింటి లోపలా ఉన్నది ఒకటే కూడిక. యంత్రానికి వాటి మధ్య తేడా లేదు, రెండు పేర్లు చదివే మనిషి కోసం పెట్టినవి.

చార్ల్స్ మూర్ 1960ల చివర్లో ఈ భాషను తన సొంత అవసరాల కోసం తయారు చేసుకున్నాడు. 1971లో అది అమెరికాలోని కిట్ పీక్ కొండ మీద రేడియో టెలిస్కోపును నడిపింది. మొత్తం వ్యవస్థ కొద్ది కిలోబైట్లలో ఇమిడిపోతుంది. ముందు వస్తువులు, తర్వాత క్రియ అనే దాని వరస చూసి ఇంగ్లిషు వాళ్లు తలకిందుల భాష అని నవ్వుకున్నారు. తెలుగు వాడికి తలకిందులుగా కనిపించేది మామూలు ప్రోగ్రామింగ్ భాషలే. క్రియ ముందు పెట్టి, దానికి బ్రాకెట్లు కట్టి, ఏం చేయాలో చెప్పిన తర్వాత దేన్ని చేయాలో చెప్పడం మన వాక్యానికి అలవాటు లేదు. ‘పదిలోంచి మూడు తీసివేయి’ అంటాం, ఫోర్త్ కూడా అలాగే 10 3 - అంటుంది. క్రియ చివర వచ్చే మరో భాష జపనీస్. అక్కడ 1985లోనే ఫోర్త్ పద్ధతి మీద మైండ్ అనే జపనీస్ ప్రోగ్రామింగ్ భాష వచ్చింది. పొరుగున తమిళంలో ఎళిల్ అనే భాష ఉంది. తెలుగు వాక్యక్రమానికి ఇంత దగ్గరి చుట్టం ఎదురుగా ఉన్నా, తెలుగులో ప్రోగ్రాములు రాయాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంగ్లిషు భాషల్లోని మాటలను తెలుగు చేయడంతోనే పని మొదలుపెట్టడం వింతే.

అయితే ఇక్కడ చెల్లించాల్సినది కూడా ఉంది. 12 గుంటలు చూపు అని మాత్రమే రాస్తే ప్రోగ్రాము కూలిపోతుంది. కూడటానికి దొంతరలో రెండో అంకె లేదు. ‘గుంటలు’ అనే మాట తన ముందు ఎకరాల లెక్క తప్పకుండా ఉంటుందని నమ్ముకుని ఉంది, ఆ నమ్మకం ఎక్కడా రాసి లేదు. దొంతరలో ఏ క్షణాన ఏముందో మనసులో పెట్టుకోవాల్సింది ప్రోగ్రామరే. మామూలు భాషల్లో ఈ పని కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రామును యంత్రపు ఆజ్ఞలుగా మార్చే ప్రోగ్రాము, చూసుకుంటుంది, అందుకే ఆ కంపైలర్లు లక్షల పంక్తుల పొడవుంటాయి.

ఫోర్త్ లాంటి భాషల వెనక దాదాపు ఎప్పుడూ ఒక ఊహాయంత్రం ఉంటుంది. హైదరాబాద్ ఆఫీసుల్లో ‘వర్చువల్ మెషీన్’ అంటే సర్వర్‌లో ఒక భాగాన్ని అద్దెకు తీసుకోవడం. ఇక్కడ మాట్లాడుతున్నది దాని సంగతి కాదు. నిజంగా ఎవరూ తయారు చేయని ఒక ప్రాసెసర్‌ను కాగితం మీద నిర్వచించి, దాని ఆజ్ఞలు ఇవీ, మెమరీ ఇంతా అని తేల్చి, దాన్ని అనుకరించే చిన్న ప్రోగ్రామును ప్రతి నిజమైన కంప్యూటర్ మీదా రాసుకోవడం. కాగితం మీది యంత్రం మారనంత కాలం దాని కోసం రాసినవన్నీ ఎక్కడైనా నడుస్తాయి. మరి ఆ యంత్రం ఎంత చిన్నదిగా ఉండొచ్చు?

ఒక్క ఆజ్ఞతో కూడా ఉండొచ్చు. సబ్‌లెక్ అనే యంత్రానికి తెలిసింది ఒకటే పని: ఒక గడిలోని అంకెను మరో గడిలోంచి తీసివేయి, ఫలితం సున్నా గాని అంతకు తక్కువ గాని అయితే చెప్పిన చోటికి దూకు. కూడిక లేదు, గుణకారం లేదు, పోలిక లేదు. పైన చెప్పిన 120కి 12 కలపాలంటే ముందు సున్నా ఉన్న ఖాళీ గడి ఒకటి కావాలి. అందులోంచి 12 తీసేస్తే −12 అవుతుంది. 120 లోంచి ఆ −12ను తీసేస్తే 132 వస్తుంది. చివరగా ఖాళీ గడిని దానిలోంచే తీసేసి మళ్లీ సున్నా చేయాలి. ఒక కూడికకు మూడు తీసివేతలు. 3 ఎకరాలను గుంటల్లోకి మార్చాలంటే 40ని మూడు సార్లు కూడే చక్రం అల్లాలి, ఎన్ని సార్లు తిరిగామో లెక్కపెట్టడం కూడా తీసివేతతోనే. ఈ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము పది పంక్తులకు మించదు. దాని మీద ఉపయోగపడే పని చేయించాలంటే మాత్రం పేజీలు నిండిపోతాయి. యంత్రంలో తగ్గించిన బరువు ఎక్కడికీ పోలేదు, ప్రోగ్రాము రాసేవాడి నెత్తికెక్కింది. చిన్న యంత్రాలన్నింటినీ ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షించవచ్చు: బరువు ఎవరి మీద పడింది, వాళ్లు దాన్ని కోరి ఎత్తుకున్నారా?

కోరి ఎత్తుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. 1972లో ప్రిన్స్‌టన్ విద్యార్థులు డాన్ వుడ్స్, జేమ్స్ లయన్ ఇంటర్‌కాల్ అనే వెటకారపు భాషను తయారు చేశారు. అందులో ఆజ్ఞల ముందు అప్పుడప్పుడు ‘దయచేసి’ అనాలి. మరీ తక్కువసార్లు అంటే మర్యాద లేదని కంపైలర్ తిరస్కరిస్తుంది, మరీ ఎక్కువైతే కాకా పడుతున్నారని తిరస్కరిస్తుంది. (కలెక్టరేట్‌లో అర్జీలు రాసిపెట్టేవారికి ఈ నియమం ఎప్పటి నుంచో తెలుసు.) 1993లో ఊటర్ వాన్ ఊర్ట్‌మెర్సెన్ ఫాల్స్ అనే భాషకు 1,024 బైట్ల కంపైలర్ రాశాడు. అది చూసి అదే ఏడాది ఉర్బాన్ ముల్లర్ ఎనిమిదే గుర్తులున్న భాషకు ఇంకా చిన్న కంపైలర్ రాశాడు, 240 బైట్లలో. ఆ భాష పేరు ఇక్కడ రాయడం కుదరదు, కాని దాని వ్యాకరణం మాత్రం నిష్కళంకం. ఒక గడిలోని అంకెను పక్క గడికి కలపడం ఇలా ఉంటుంది:

[->+<]

ఇక్కడి అంకెను ఒకటి తగ్గించు, పక్కకు జరిగి ఒకటి పెంచు, వెనక్కి రా, ఇక్కడ సున్నా అయ్యేదాకా తిరుగు. ఇంతకన్నా నగ్నంగా కూడికను చూపించడం కష్టం. అంకగణితం అంటే లోపల జరిగేది ఇదే అని ఒక పిల్లవాడికి అరగంటలో అర్థమయ్యేలా చేయగల పాఠ్యపుస్తకాలు తక్కువ. రంగుల బొమ్మలే ప్రోగ్రాములైన పీట్, ఖాళీలూ ట్యాబులూ మాత్రమే అక్షరాలైన వైట్‌స్పేస్ వంటివి ఒకసారి నవ్వుకుని వదిలేయదగ్గవి. 1998 నాటి మాల్‌బోల్జ్ వేరే కోవకు చెందుతుంది. అందులో పని చేసే మొదటి ప్రోగ్రామును మనిషి రాయలేకపోయాడు, మరో ప్రోగ్రాముతో వెతికించాల్సి వచ్చింది. బరువు ఎత్తేవాడు లేని స్థితి అది. భాషగా దాన్ని పొగిడేవాళ్లు అసలు విషయం వదిలేస్తున్నారు.

ఎక్కువ కాలం నిలిచిన చిన్న యంత్రాల కథలు వేరుగా ఉంటాయి. 1979లో ఇన్ఫోకామ్ అనే ఆటల సంస్థకు ఒక చిక్కు వచ్చింది. అప్పటి ఇంటి కంప్యూటర్లు ఒక్కో కంపెనీవి ఒక్కో తీరు, జోర్క్ అనే వాళ్ల మాటల ఆట వాటిలో పట్టనంత పెద్దది. జోయెల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ జడ్-మెషీన్ అనే ఊహాయంత్రాన్ని నిర్వచించి ఆటలన్నీ దాని కోసమే రాయించారు. ఒక కొత్త కంప్యూటర్ మార్కెట్లోకి వస్తే అనుకరించే ప్రోగ్రాము ఒక్కటి రాస్తే చాలు, ఆటలన్నీ ఒక్కసారిగా అక్కడికి వచ్చేసేవి. 1989లో సంస్థ మూతపడింది. ఆ ఆటలు నడిచిన కంప్యూటర్లు పాతసామాను దుకాణాలకు చేరాయి. ఆటలు మాత్రం ఇప్పటికీ ఫోన్లలో నడుస్తున్నాయి.

చిప్-8 అనే ఊహాయంత్రం ఇంకా చిన్నది. 1970ల రెండో భాగంలో జోసెఫ్ వైస్‌బెకర్ కాస్మాక్ వీఐపీ అనే అభిరుచిదారుల కంప్యూటర్ కోసం తయారు చేశాడు. 4 కిలోబైట్ల మెమరీ, 16 రిజిస్టర్లు (లెక్క చేసేటప్పుడు అంకెలు ఉంచుకునే గడులు), 64 చుక్కల వెడల్పూ 32 చుక్కల ఎత్తూ ఉన్న తెర, 35 ఆజ్ఞలు. దాన్ని అనుకరించే అసలు ప్రోగ్రాము, అంటే ఇంటర్‌ప్రెటర్, 512 బైట్లు. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునే డిగ్రీ విద్యార్థి ఎవరైనా కొన్ని వారాంతాల్లో దీన్ని మొదటి నుంచి చివరి దాకా కట్టగలరు. 2023లో నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్ శివారు దివిటిపల్లిలోనూ ఐటీ టవర్లు తెరిచారు. అక్కడ కొలువు కోసం చూసే పిల్లలు నేర్చుకునేదంతా పై అంతస్తుల పని. ఫోను యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరవడానికే 8 గిగాబైట్ల ర్యామ్ ఉండాలి, పాలమూరు నుంచి పాత ల్యాప్‌టాప్‌తో వచ్చిన పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. చిప్-8కి ఆ ల్యాప్‌టాప్ చాలా ఎక్కువ. దాన్ని కట్టినందుకు ఎవరూ కొలువు ఇవ్వరు, నిజమే. కాని ఒక కంప్యూటర్ మొత్తాన్ని తానే తయారు చేసిన అనుభవం ఇంత చవకగా మరెక్కడా దొరకదు.

చిన్నదైతే తగాదాలు రావనుకోవడం మాత్రం భ్రమ. చిప్-8లో అంకెను ఒక బిట్టు పక్కకు జరిపే ఆజ్ఞ ఒకటుంది. మొదటి యంత్రంలో అది రెండో రిజిస్టర్‌లోని అంకెను జరిపి మొదటి దానిలో పెట్టేది. 1990లో హెచ్‌పీ-48 క్యాలిక్యులేటర్ల మీదికి దీన్ని తెచ్చినప్పుడు రెండో రిజిస్టర్‌ను పట్టించుకోకుండా మొదటి దానినే జరిపారు. ఆ రెండు కాలాల ఆటలూ ఇప్పుడు కలిసిపోయాయి. ఏ ఆటకు ఏ అర్థం పెట్టాలో అనుకరించేవాళ్లు నేటికీ మీటలు పెట్టి మరీ ఎంచుకోవాల్సి వస్తోంది. 35 ఆజ్ఞలున్న చోటే ఇంత అయితే, వేల పేజీల నిర్దేశాలున్న చోట ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇటీవలి కాలంలో ఈ ధోరణికి ముఖంగా మారింది ఉక్సన్. పడవ మీద నివసించే హండ్రెడ్ ర్యాబిట్స్ అనే కళాకారుల జంట దీన్ని 2021 ప్రాంతంలో తయారు చేసింది. సోలార్ ఫలకల కరెంటు, అందీ అందని ఇంటర్నెట్. గిగాబైట్ల కొద్దీ అప్‌డేట్లు దించుకోమనే పరికరాలతో సముద్రం మధ్య పని సాగలేదు. అందుకే 32 ఆజ్ఞలు, 64 కిలోబైట్ల మెమరీ, 256 బైట్ల దొంతరలు రెండు ఉన్న యంత్రాన్ని గీసుకున్నారు. ఒక్కో ఆజ్ఞ ఒక్క బైటు. అందులో 5 బిట్లు ఏ పనో చెబుతాయి, మిగిలిన 3 బిట్లు ఆ పని తీరును మారుస్తాయి: 8 బిట్ల అంకెల బదులు 16 బిట్లవి తీసుకో, రెండో దొంతర మీద చెయ్యి, తీసుకున్న అంకెలను పోనివ్వకు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ వంటి పాత ఆట పరికరాల మీద కూడా ఇది నడుస్తుంది. బొమ్మలు గీసే సాధనం, రాసుకునే ఎడిటర్ అన్నీ దీని మీదే రాసుకున్నారు. ఇక్కడ బరువు ఎత్తుకున్నది ఆ ఇద్దరే, యంత్రం గీసింది కూడా వాళ్లే. అందుకే అది వాళ్లకు సరిగ్గా సరిపోయింది. వేరే వాళ్లకు అంతే సరిపోతుందన్న హామీ ఏదీ అందులో లేదు, వాళ్లూ ఇవ్వలేదు.

నల్లగొండ పేరు మీద ప్రపంచానికి తెలిసిన సాంకేతికత ఒకటి ఉంది, దానికి కంప్యూటర్లతో సంబంధం లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతి అది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేయాలి. కాసేపు వేగంగా, తర్వాత నెమ్మదిగా కలపాలి. మడ్డి అడుగుకు దిగాక, అడుగుకు కాస్త పైన బిగించిన కుళాయి నుంచి తేరిన నీళ్లు పట్టుకోవాలి. ఇంటికి ఒక బకెట్ చాలు, ఊరికైతే పెద్ద తొట్టి. వివరమంతా ఒక కాగితం మీద పడుతుంది, సరుకంతా ఏ అంగట్లోనైనా దొరుకుతుంది. టాంజానియా దాకా వెళ్లి అక్కడా ప్రయత్నించారు. సరళమైన యంత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు. కాని ఆ సరళత కట్టేవాడిది. వాడేవాడికి రోజూ పని: నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారగుణం ఎంతుందో బట్టి మోతాదు మార్చాలి, కలపాలి, ఆగాలి, మడ్డిని ఎక్కడో పారబోయాలి. మోతాదు తప్పితే ఫ్లోరైడ్ మిగులుతుంది, లేదా అల్యూమినియం మిగులుతుంది. పొలం పనికి పోవాల్సిన ఇంట్లో నీళ్లు మోసేవాళ్ల మీదే ఆ బరువంతా పడింది, వాళ్లు దాన్ని కోరుకోలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెలకు చివరికి నిలబడిన జవాబు పైపుల్లో వచ్చిన కృష్ణా నీళ్లు. రిజర్వాయర్లు, పంపులు, వందల కిలోమీటర్ల గొట్టాలు కలిసిన పెద్ద వ్యవస్థ అది. ఇంటి దగ్గర కుళాయి తిప్పడమే మిగిలింది. చిన్నదే ఎప్పుడూ మేలని వాదించేవాళ్లు ఈ జిల్లాకు వచ్చి మాట్లాడితే బాగుంటుంది.

వాడేవాడి మీద బరువు పడకుండా చిన్న యంత్రాన్ని నడిపించడం కుదరదా అంటే, కుదిరింది. కాకపోతే అది కంటికి కనిపించదు. దేవరకొండ వైపు బత్తాయి తోటల్లో బోరు పక్కన రేకు పెట్టెలు ఉంటాయి. రాత్రి పూట కరెంటు ఇచ్చే రోజుల్లో రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకునేవారు. 2018 జనవరి 1న 24 గంటల సరఫరా మొదలయ్యాక వాటిని తీసేయమని ప్రభుత్వమే అడిగింది. వాటితో పాటు వచ్చిన మొబైల్ స్టార్టర్లు మాత్రం ఉండిపోయాయి. ఇంటి దగ్గర నుంచి ఫోను కొడితే మోటారు ఆడుతుంది, మళ్లీ కొడితే ఆగుతుంది. పెట్టె లోపల ఒక సిమ్ కార్డు ఉంటుంది. నేటి సిమ్ములలో చాలా వాటి లోపల జావా కార్డ్ అనే ఊహాయంత్రం నడుస్తోంది.

1996లో ష్లంబర్గర్ ఇంజనీర్లు మొదలుపెట్టిన పని అది. అప్పటి కార్డుల్లో ర్యామ్ అతి కొద్దిగా ఉండేది. జావా భాషను అందులో పట్టించడానికి వాళ్లు చేసినదంతా తీసివేతే. దశాంశ సంఖ్యలు తీసేశారు, మాటల గొలుసులు తీసేశారు, ఒకేసారి పలు పనులు నడిపే ఏర్పాటు తీసేశారు. అంకెలు మామూలుగా 16 బిట్లవే, అంటే 32,767 దాటవు. గుంటల్లో చెప్పుకుంటే 819 ఎకరాల పైన ఉన్న భూస్వామి లెక్క ఒక్క అంకెలో పట్టదు. భూపరిమితి చట్టం అంత దూరం రానివ్వదు లెండి.

వాళ్లు తీసేసిన వాటికన్నా ఆసక్తికరమైనది చేర్చినది. కార్డుకు సొంత కరెంటు లేదు. దాన్ని పెట్టిన పరికరం ఇస్తేనే బతుకుతుంది, ఏ క్షణాన లాగేస్తే ఆ క్షణాన ఆగిపోతుంది. ఒక అంకె తగ్గించి మరో అంకె పెంచే పని సగంలో ఉండగా సరఫరా పోతే ఏమిటి గతి? అందుకని జావా కార్డ్‌లో కొన్ని పనులను ఒక కట్టగా ప్రకటించవచ్చు. కట్ట మొత్తం పూర్తయితే సరే. సగంలో ఆగితే, మళ్లీ కరెంటు వచ్చినప్పుడు కార్డు తనంతట తానే మొదటి స్థితికి వెళ్తుంది. సృష్టించిన వస్తువులు కూడా మామూలుగా కరెంటు పోయినా చెరగని మెమరీలోనే ఉంటాయి. పెద్ద కంప్యూటర్ల మీది జావాలో ఈ రెండూ పుట్టుకతో రావు. కరెంటు పోవడాన్ని ప్రమాదంగా కాక మామూలు సంగతిగా ఎంచి కట్టిన యంత్రం ఇది. ఫీడర్ ట్రిప్పయి మోటార్లు ఆగిపోయే పొలంలో అది కూర్చోవడం ఎంతో సబబుగా ఉంది. రైతుకు ఇవేవీ తెలియవు, తెలియాల్సిన పని లేదు. బరువు మోసింది కార్డు తయారు చేసినవాళ్లు.

ఫోన్లలోనూ ఇలాంటిది మరొకటి ఉంది. 1992లో స్టీవెన్ మక్కాన్, వాన్ జేకబ్సన్ నెట్‌వర్క్‌లో వచ్చే డేటా పొట్లాలను (ప్యాకెట్లను) వడకట్టడానికి బీపీఎఫ్ అనే యంత్రాన్ని గీశారు. రెండే రిజిస్టర్లు, వెనక్కి దూకే ఆజ్ఞ లేదు. వెనక్కి దూకలేని ప్రోగ్రాము ఎప్పటికీ తిరుగుతూ ఉండలేదు, కచ్చితంగా ముగుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో బయటివాళ్ల ప్రోగ్రామును నమ్మి నడపడానికి ఆ ఒక్క లోటే పెద్ద భరోసా అయింది. దాని వారసుడు ఈబీపీఎఫ్ 2014లో లినక్స్‌లో చేరింది. రోజుకు ఎంత డేటా వాడామో ఆండ్రాయిడ్ ఫోను చూపించే లెక్క వెనక ఇప్పుడు అదే ఉంది.

ఇంతవరకూ చెప్పిన యంత్రాల చిన్నతనంలో ఒక మడత ఉంది. దాన్ని ఇంగ్లిషు రాతలు పట్టించుకోవు. జడ్-మెషీన్ మూడు అక్షరాలను రెండు బైట్లలో కుదిస్తుంది, ఎందుకంటే ఒక్కో అక్షరానికి 5 బిట్లు చాలు, 26 అక్షరాలే కదా. చిప్-8 తనతో తెచ్చుకునే అంకెల, అక్షరాల బొమ్మలు 16, ఒక్కొక్కటి 5 బైట్లు, మొత్తం 80 బైట్లు. ఈ యంత్రాలు చిన్నవి కావడంలో గీసినవాళ్ల నేర్పు ఎంతో, వాళ్ల లిపి చిన్నది కావడం కూడా అంతే. ‘నల్లగొండ’ అని యూనికోడ్‌లో రాస్తే 8 సంకేతాలు, మామూలుగా దాచే పద్ధతిలో 24 బైట్లు. అక్కడితో పని అవలేదు. ల కింద ల వత్తు పడాలి, గకు ఒత్వం అతుక్కోవాలి. ఆ కూర్పు చేసే హార్ఫ్‌బజ్ వంటి సాఫ్ట్‌వేర్, ఆ ఫాంటులోని పట్టికలు కలిపితే ఉక్సన్ 64 కిలోబైట్లలో ఇమిడే మాట కాదు.

ఆ బరువును ఇక్కడ ఎవరు మోశారో అచ్చాఫీసుల చరిత్ర చెబుతుంది. 1980ల్లో సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ జిస్ట్ కార్డు అనే ప్రత్యేక పలకను కంప్యూటర్‌లో గుచ్చి అక్షరాల కూర్పును దానికి అప్పగించింది. డీటీపీ వచ్చాక ఆ పని ఆపరేటర్ల వేళ్లలోకి మారింది. ఇంగ్లిషు అక్షరాల గడుల్లో తలకట్లు, వత్తులు, గుడుల ముక్కలు సర్దిన ఫాంట్లు అవి. ఏ మీట నొక్కితే ఏ ముక్క పడుతుందో కంఠతా పట్టినవాళ్లు పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బడి పుస్తకాలు అన్నీ అలాగే కూర్చారు. వాళ్లు కూర్చిన పుటలు వెళ్లింది పోస్ట్‌స్క్రిప్ట్ తెలిసిన ప్రింటర్లకు. 1984 నాటి ఆ పుటల భాష కూడా ఫోర్త్‌లాగే దొంతర మీద నడిచేదే, ముందు అంకెలు చెప్పి చివర పని చెప్పేదే. తెలుగు పుట అచ్చయ్యే దారిలో వాక్యక్రమం మన తీరున ఉన్న భాష ఒకటుందని ఆ ఆపరేటర్లకు ఎవరూ చెప్పి ఉండరు. పుటలు అందంగా వచ్చాయి. ఆ ఫైళ్లలో ఇప్పుడు ఒక పేరు వెతకాలంటే దొరకదు, లోపల ఉన్నవి అక్షరాలు కావు, ముక్కలు.

ఉక్సన్ లాంటి యంత్రం మీద తెలుగు కావాలంటే ఇవాళ ఉన్న తిన్నని దారి కూర్పును ముందే పెద్ద కంప్యూటర్ మీద చేసి, మాటలను బొమ్మలుగా పొందుపరచడం. ఉక్సన్ తెర మీద బొమ్మలు 8 చుక్కల పొడవూ 8 చుక్కల వెడల్పూ ఉన్న పలకలతో పేరుస్తారు, ఒక రంగు పలకకు 8 బైట్లు. వత్తుకు చోటు ఉండేలా 24 చుక్కల ఎత్తు, 64 చుక్కల వెడల్పు ఇస్తే ‘నల్లగొండ’కు 24 పలకలు, 192 బైట్లు పడుతుంది. అలాంటి మాటలు వంద పెట్టుకుంటే 19,200 బైట్లు, మెమరీలో మూడో వంతుకు కాస్త తక్కువ. పిల్లల ఆటకు, లెక్కల పాఠానికి, నీటి ట్యాంకు నిండిందో లేదో చెప్పే పెట్టెకు అది ధారాళంగా సరిపోతుంది. పేర్లు టైపు చేసుకునే చిరునామా పుస్తకానికి మాత్రం సరిపోదు. ఏ పేరు వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి కూర్పు అక్కడికక్కడే జరగాలి, ఆ పనికి 64 కిలోబైట్లలో చోటు చూపించినవాళ్లు కనబడటం లేదు.